మరుగైన మాలు గోదాములు – మన రైలుమార్గపు కథ

సికింద్రాబాదు నుండి కాచిగూడకు పోవు రైలుమార్గం మన విద్యానగర్‌ను ఆనుకొని సాగుతున్నది. సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజి, జామియా ఉస్మానియా, విద్యానగర్, కాచిగూడ – ఈ స్టేషన్ల పేర్లు మన విద్యార్థులకు కంఠస్థమే. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు వచ్చిన నాటి నుండి దీనిని మనం ప్రయాణికుల మార్గంగానే ఎరుగుదుము. కాని దక్కను పీఠభూమికి రైలు వచ్చినది మనుషుల కొరకు మాత్రమే కాదు. ధాన్యం, ప్రత్తి, బొగ్గు కొరకు కూడా. ఆ సరుకును దాచిన మాలు గోదాములు, దానిని మోసిన హమాలీల బారులు చాలవరకు మరుగైనవి. అవి ఎట్లు పుట్టినవో, ఎందుకు అంతరించినవో సంగ్రహంగా వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు వెడల్పుల పట్టాలు

మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1874లో, వాడి నుండి సికింద్రాబాదు వరకు బ్రాడ్‌గేజి మార్గం ప్రారంభమైనది. 1883లో లండనులో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడిన పిమ్మట ఈ మార్గం 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు చేరినది. తరువాత గోదావరి లోయ మార్గం వచ్చినది. ఇది హైదరాబాదు నుండి నిజామాబాదు, ఔరంగాబాదుల మీదుగా మన్మాడ్ వరకు, 1901 నాటికి పూర్తియైనది. ఇది మాత్రం మీటర్‌గేజి. 1916లో కట్టిన కాచిగూడ స్టేషను మీటర్‌గేజి మార్గాలకు ముఖ్యకేంద్రమైనది.

బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం అయిదున్నర అడుగులు. మీటర్‌గేజికి మూడడుగుల పైచిలుకు. ఒక దాని మీది బండి రెండవ దాని మీద నడవదు. అందుచేత మరఠ్వాడా జొన్నలు బెజవాడ వైపు పోవలెనన్నా, కృష్ణా డెల్టా బియ్యం నిజామాబాదు వైపు రావలెనన్నా, రెండు గేజీలు కలిసిన చోట ప్రతి బస్తాను దించి మరల ఎక్కించవలసినదే. సికింద్రాబాదు అట్టి కూడలి. దించిన సరుకు ఎండకు, వానకు పాడు కాకుండా పైకప్పు కావలెను, తూచుటకు కాటా కావలెను, లెక్క వ్రాయుటకు గుమాస్తా కావలెను, మోయుటకు హమాలీ కావలెను, ఊరిలోనికి చేర్చుటకు ఎడ్లబండి కావలెను. పట్టాల వెడల్పులోని భేదమే వేల కుటుంబాలకు అన్నం పెట్టినది.

అమెరికాలో ధాన్యపు ఎలివేటర్లు

ఇట్టి కథయే అమెరికా మధ్యపశ్చిమ రాష్ట్రాలలోనూ జరిగినది. 1842లో బఫలో నగరంలో జోసెఫ్ డార్ట్ అను వర్తకుడు ఆవిరియంత్రంతో నడిచే ధాన్యపు ఎలివేటరును నిర్మించినాడు. చిన్న చిన్న బొక్కెనలు అమర్చిన పట్టీ ధాన్యాన్ని పైకి తోడి ఎత్తైన గాదెలలో పోసేది. అటుపై మైదానాలలోని ప్రతి చిన్న స్టేషను పక్కన ఒక ఎలివేటరు వెలసినది. గుర్రపుబండితో రైతు ఒక దినంలో పోయి రాగల దూరమే ఈ స్టేషన్ల మధ్య దూరాన్ని నిర్ణయించినది. అక్కడ ధాన్యం రాశిగా కదిలినది. ఇక్కడ గోనెసంచిలో, మనిషి వీపు మీద కదిలినది. కాబట్టి అక్కడి చిహ్నం ఎత్తైన గోపురం. ఇక్కడి చిహ్నం రేకుల కప్పు.

అమెరికా రైలుమార్గాలు 1916లో అత్యధిక విస్తృతికి, అనగా సుమారు నాలుగు లక్షల కిలోమీటర్లకు చేరినవి. మన కాచిగూడ స్టేషను వెలసినది ఆ సంవత్సరమే. పిమ్మట లారీలు పోటీకి వచ్చినవి. 1980 నాటి చట్టం నష్టాల మార్గాలను వదలుకొనుట సులభం చేసినది. పెద్ద రైళ్లు చిన్న ఊళ్లలో ఆగుట మానినవి. ఎన్నో ఎలివేటర్లు పాడుపడినవి.

ఇక్కడ ఎందుకు అంతరించినవి?

మన వద్ద మూడు కారణాలు కనిపిస్తున్నవి. మొదటిది రోడ్డు. 1932లో నిజాం రైల్వేయే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించినది. రోడ్లు పెరిగిన కొలది లారీ రైతు కల్లం వద్దకే రాసాగినది. రెండవది గేజి మార్పు. 1992లో ఆరంభమైన యూనిగేజి పథకం క్రింద మన మార్గాలు క్రమంగా బ్రాడ్‌గేజి అయినవి. సరుకు మార్చవలసిన అవసరమే పోయినది.

మూడవది అంతగా ఎవరి దృష్టికీ రాని కారణం. పాతకాలపు నాలుగు చక్రాల డబ్బాలో సుమారు 22 టన్నులు, అనగా 220 క్వింటాళ్ల బస్తాలు పట్టేవి. ఒక సామాన్య వర్తకుడు ఒక డబ్బాను నింపగలిగేవాడు. 1980ల నుండి రైల్వే క్రమంగా పూర్తి రైలును ఒకే సరుకుతో నింపు పద్ధతికి మారినది. నేటి ధాన్యపు రైలులో నలబైకి పైగా వ్యాగన్లు, 2,500 టన్నులకు మించిన సరుకు ఉంటుంది. 50 కిలోల సంచులైతే అవి యాబై వేలు! దానిని నింపగలది 1965లో ఏర్పడిన భారత ఆహార సంస్థ వంటి పెద్ద సంస్థయే. దేశానికి ఇది లాభమే. కరువు ప్రాంతానికి ధాన్యం నేడు త్వరగా చేరుతున్నది. కాని చిన్న స్టేషను, చిన్న వర్తకుడు, అచటి హమాలీ ఆ లెక్కలో లేకుండా పోయినారు.

మాటలలో మిగిలిన చరిత్ర

కట్టడాలు పోయినా మాటలు మిగిలినవి. ‘హమాలీ’ అన్నది మోయువాడు అను అర్థం గల అరబ్బీ పదం నుండి వచ్చినది. ‘బస్తా’ పారసీకం; కట్టబడినది అని అర్థం. ‘మాలు’ అరబ్బీ. ఉస్మాన్‌గంజ్, మహబూబ్‌గంజ్‌లలోని ‘గంజ్’ పారసీకంలో నిధి, కోశాగారం. ఇక ‘గోదాం’? ఆంగ్లేయుల ‘గోడౌన్’కు మలయా భాషాపదం మూలమనీ, దానికి మన ‘గిడ్డంగి’యో, తమిళంలోని దాని సోదరపదమో మూలమనీ నిఘంటుకారులు కొందరు భావించినారు. ఆ గోదాముల ముందు ఉర్దూ, తెలుగు భాషలు ఒకే బస్తాకు రెండు కొసలు పట్టి మోసినవన్నమాట.

1951లో నిజాం రైల్వే కేంద్ర రైల్వేలలో కలిసినది. 1966లో సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినది. 2025లో చర్లపల్లి కొత్త టెర్మినల్ ప్రారంభమైనది. అదే సంవత్సరం పాత సికింద్రాబాదు స్టేషను భవనాన్ని కూల్చినారు. భవనం పోయినను దాని ఛాయాచిత్రాలు దొరుకును. కాని మీటర్‌గేజి కాలంలో బస్తాలు మోసినవారు, కాటా పట్టినవారు ఇప్పుడు వృద్ధులు. వారి జ్ఞాపకాలను ఎవరూ వ్రాసి పెట్టలేదంటే ఆ తరంతోనే అవి పోవును.

కావున మన విద్యార్థులలో ఉర్దూ చదువువారొకరు, తెలుగు చదువువారొకరు జతగా కూడి, తమ ఇండ్లలోను, బస్తీలలోను ఉన్న అట్టి పెద్దలను కలిసి, వారు చెప్పిన దానిని వారి మాటలలోనే వ్రాసుకొనవలెనని మేము కోరుచున్నాము. కళాశాల కమిటీ పెద్దలు గ్రంథాలయంలో ఒక బీరువా కేటాయించినచో ఈ పనికి అంతకంటె ఎక్కువ ధనవ్యయం అక్కరలేదు.