విమానముల యాలస్యమునకు లెక్క

రైలు వేళకు రానప్పుడు స్టేషనులో నిలిచినవారు ఎంత యాలస్యమని యడుగుదురు. ఏల యాలస్యమను ప్రశ్నకు తృప్తికరమైన ప్రత్యుత్తరము దొరకుట యరుదు. విమాన కంపెనీలు మాత్రము ఈ రెండవ ప్రశ్నకు గూడ వ్రాతమూలముగా జవాబు చెప్పవలసియున్నది.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో పెద్ద విమాన కంపెనీలు తమ స్వదేశ ప్రయాణముల వేళలను 1987వ సంవత్సరము నుండి ప్రభుత్వమునకు నివేదించుచున్నవి. నిర్ణీత కాలమునకు 15 నిమిషములుగాని, అంతకు మించిగాని వెనుకబడిన విమానమునే ఆలస్యమైనదానిగా నెంచుదురు. 2003వ సంవత్సరము జూను నెల నుండి కారణములను సైతము ఐదు తరగతులుగా విభజించి తెలుపుచున్నారు.

మొదటిది కంపెనీవారి వలన కలిగినది. యంత్రమును బాగుచేయుట, సిబ్బంది కొరత, సామానులెక్కించుట, ఇంధనము నింపుట మొదలగునవి ఇందులోనివి. రెండవది తుపాను, మంచుగాలి వంటి తీవ్ర వాతావరణము. మూడవది ఆకాశమార్గములను నియమించు వ్యవస్థకు సంబంధించినది. విమానముల రద్దీయు, అంత తీవ్రముకాని వాతావరణ దోషములును ఇందులో చేరును. నాల్గవది భద్రతా కారణములు. ఐదవది అదే విమానము వెనుకటి ప్రయాణము నుండి ఆలస్యముగా వచ్చుట.

ఒకే యాలస్యమునకు పలు కారణములుండవచ్చును. 40 నిమిషముల యాలస్యములో 25 నిమిషములను యంత్రదోషమునకును, 15 నిమిషములను రద్దీకిని పంచి వ్రాయుదురు.

అంతర్జాతీయ విమాన రవాణా సంఘమువారు ఇంతకంటె సూక్ష్మముగా రెండంకెల సంకేతములను ఏర్పరచిరి. 41 అనగా విమానములోని యంత్రలోపము; 93 అనగా వెనుకటి ప్రయాణపు టాలస్యము.

ఇచ్చట నొక చిక్కు గలదు. ఉదయము ఒక యంత్రము చెడినచో ఆ విమానము దినమంతయు వెనుకబడును. సాయంకాలపు పుటలో "విమానము ఆలస్యముగా వచ్చినది" అని మాత్రమే యుండును. ఆ మాట సత్యమే, కాని మూలకారణము ఉదయపు పుటలోనున్నది. కావున పుటలన్నిటిని కలిపి చదివినగాని నిజము తెలియదు.

ఈ వ్రాత వట్టి లాంఛనము కాదు. ఐరోపా సమాఖ్యవారి 2004వ సంవత్సరపు శాసనము ప్రకారము, అసాధారణ పరిస్థితులు కారణమైనచో కంపెనీ ప్రయాణికులకు నష్టపరిహారమీయనక్కరలేదు. యంత్రదోషము సామాన్యముగా అట్టి పరిస్థితి కానేరదని ఐరోపా న్యాయస్థానము 2008లో తీర్పు చెప్పెను. కాబట్టి ఏ నిమిషము ఏ తరగతిలో చేరునన్నదానిపై ప్రయాణికుని హక్కు ఆధారపడియుండును.

విద్యార్థులారా, నింద నితరులపై త్రోయుట సులభము. తన వంతు నిమిషములను తన పేరనే వ్రాసికొనువానికి మాత్రమే, రేపు దిద్దుకొనవలసినదేదో నేడు తెలియును.