డయాలసిస్ బెడ్ మీద పెడల్

కార్వేటినగరం నుంచి డయాలసిస్‌కని తిరుపతి స్విమ్స్‌కి వెళ్లాలంటే పుత్తూరు మీదుగా ప్రయాణం. మామూలుగా వారానికి 3 సార్లు, ఒక్కోసారి 4 గంటలు. లెక్కేస్తే ఏడాదికి 600 గంటల పైనే, మెషీన్ పక్కన కదలకుండా!

కాళ్లు నీరసపడతాయని అందరికీ తెలుసు. మెదడు సంగతే ఎవరూ అడగరు. షుగర్, బీపీ అప్పటికే మెదడులోని సన్నటి రక్తనాళాల్ని దెబ్బతీసి ఉండొచ్చు. పైగా డయాలసిస్ మధ్యలో బీపీ పడిపోతే మెదడుకి రక్తం ఇంకా తగ్గుతుంది. చాలామందికి ఆలోచన నెమ్మదిస్తుంది. ఇంట్లోవాళ్లు "వయసైంది లే" అనేస్తారు. కానీ ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, ఇవాళ ఎన్ని గ్లాసుల నీళ్లు తాగాం అనే లెక్కంతా ఆ మెదడే కదా పెట్టుకోవాలి?

అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 20 మందితో చేసిన ప్రయోగం 2018లో వచ్చింది. డయాలసిస్ జరుగుతుండగానే కొందరు పెడల్ తొక్కారు, కొందరు ట్యాబ్‌లో మెదడుకి పనిచెప్పే గేమ్స్ ఆడారు (ఇది మన బ్రాంచ్ వాళ్లకి నచ్చే పని). 3 నెలలకి, ఏమీ చేయనివాళ్లలో ఆలోచన వేగం తగ్గింది, వీళ్లలో తగ్గలేదు. 20 మంది అంటే మరీ చిన్న శాంపిల్, రుజువు అనలేం. అయినా పెడల్ ఖరీదైన వస్తువేం కాదు.

సాధారణంగా మొదటి 2 గంటల్లోనే తొక్కిస్తారు, తర్వాత బీపీ పడే అవకాశం ఎక్కువ. గుండె జబ్బున్నా, తొడ దగ్గర క్యాథెటర్ ఉన్నా డాక్టర్ని అడక్కుండా వద్దు. ఫిస్టులా ఉన్న చెయ్యి మాత్రం కదపకూడదు. కాళ్లు ఖాళీయే.