చిన్న విమానాల ఇంధన వ్యవస్థ: లోపనిర్ధారణ క్రమం – పరిశీలన

1. ఉపోద్ఘాతం:

గగనయానంలో ఇంజన్ ఆగిపోతే ఇంధనం అయిపోయిందని భావించడం సహజం. అయితే ట్యాంకులో ఇంధనం ఉండటం వేరు, అది ఇంజన్‌ను చేరడం వేరు. ఈ రెంటి నడుమనున్న మార్గాన్ని వరుసగా పరీక్షించడమే లోపనిర్ధారణ. ఆ క్రమాన్ని వివరించి, 1997 నాటి ఒక ప్రమాదం ఆధారంగా దాని పరిధిని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఇంధన మార్గం – పరీక్షాక్రమం:

సెస్నా 172 విమానానికి రెక్కలు పైభాగాన ఉంటాయి. కార్బురేటర్ గల నమూనాలలో ఇంధనం రెక్కలలోని ట్యాంకుల నుండి గురుత్వాకర్షణ వల్లనే కిందికి ప్రవహిస్తుంది. కాబట్టి పరీక్ష కూడా పైనుండి కిందికి సాగాలి.

మొదటిది ట్యాంకు. గేజీని మాత్రమే నమ్మక, మూత తీసి కొలపుల్లతో ఇంధన మట్టాన్ని చూడాలి.

రెండవది గాలిగొట్టం. ఇంధనం తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి చేరాలి. మట్టిగూడు కట్టే కందిరీగ ఈ గొట్టాన్ని మూసివేస్తే ట్యాంకులో పీడనం తగ్గి, ఇంధనం ఉన్నప్పటికీ ప్రవాహం మందగిస్తుంది.

మూడవది సెలెక్టర్ వాల్వ్. ఇంధనం ఏ ట్యాంకు నుండి రావాలో నిర్ణయించేది ఇదే. దీనిని ప్రతి స్థానంలోనూ ఉంచి ప్రవాహాన్ని పరీక్షించాలి.

నాలుగవది వడపోత గిన్నె. నీరు పెట్రోలు కన్న బరువైనది కనుక అడుగున చేరుతుంది. నీలిరంగులో ఉండే 100ఎల్ఎల్ ఇంధనాన్ని గాజుపాత్రలోకి తీస్తే, అడుగున రంగులేని నీటిపొర విడిగా కనిపిస్తుంది.

చివరిది కార్బురేటర్. ఇంధనం ఆవిరవుతూ వేడిని గ్రహిస్తుంది. అందువల్ల గాలిలో తేమ అధికంగా ఉంటే 20 డిగ్రీల సెల్సియస్ వద్ద కూడా అక్కడ మంచు పేరుకోవచ్చు. విమానం దిగిన తరువాత ఆ మంచు కరిగిపోయి, మెకానిక్‌కు ఆనవాలు దొరకదు. కనుక పైలట్ చెప్పే వివరాలు కూడా పరీక్షలో భాగమే.

3. లాంగ్-ఈజీ ప్రమాదం:

1997 అక్టోబరు 12న అమెరికన్ గాయకుడు జాన్ డెన్వర్ నడుపుతున్న లాంగ్-ఈజీ విమానం కాలిఫోర్నియాలోని పసిఫిక్ గ్రోవ్ సమీపాన సముద్రంలో కూలి, ఆయన మరణించారు. బర్ట్ రూటన్ రూపకల్పన ప్రకారం సెలెక్టర్ పిడి పైలట్ కాళ్ల మధ్య ఉండాలి. ఆ విమానాన్ని నిర్మించిన వ్యక్తి దానిని ఎడమ భుజం వెనుక అమర్చాడు. పిడికిగాని, ఇంధన మట్టాన్ని చూపే గొట్టాలకుగాని గుర్తులు లేవు. పిడి సులభంగా అందడం లేదని ప్రయాణానికి ముందే గమనించి, పట్టుకారుతో దానిని పొడిగించడానికి చేసిన ప్రయత్నం ఫలించలేదు. ఇంధనమూ నింపలేదు. పైలట్ వెనుకకు తిరిగి పిడిని అందుకునేటప్పుడు అతని కుడికాలు రడ్డర్ పెడల్‌ను నొక్కే అవకాశం ఉందని దర్యాప్తు సూచించింది. పిడి అమరికతోపాటు ఇంధనం నింపకపోవడం, ఆ విమానంపై తగిన శిక్షణ లేకపోవడం కూడా కారణాలుగా అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి పేర్కొన్నది.

4. ముగింపు:

ఈ ప్రమాదంలో లోపం తెలియకపోలేదు. తెలిసిన లోపాన్ని సరిదిద్దకముందే విమానం ఎగిరింది. కాబట్టి వాల్వ్ పనిచేస్తున్నదా అన్న ప్రశ్నతో లోపనిర్ధారణ ముగియదు. విమానాన్ని నడుపుతూనే పైలట్ దానిని చూడగలడా, అందుకోగలడా, తిప్పగలడా అన్నవి కూడా నేలమీదనే తేలవలసిన ప్రశ్నలు.