జేబులో ప్లేయర్... చెవికి ఏ హెడ్‌ఫోన్?

వేలు పోసి పేరున్న హెడ్‌ఫోన్ కొంటారు. జేబులోని చిన్న ప్లేయరుకు తగిలించి పాత కచేరీ ఏదో పెడితే ఆలాపన పక్కింట్లోంచి వస్తున్నట్టుంటుంది. వాల్యూమ్ చివరిదాకా పెంచినా అంతే. దుకాణంవాడు నకిలీ సరుకు అంటగట్టాడని తిట్టుకుంటాం. చాలాసార్లు అటు ప్లేయరూ మంచిదే, ఇటు హెడ్‌ఫోనూ మంచిదే. జత కుదరలేదు, అంతే.

ఈ సంగతి సోనీకి మొదట్లోనే తెలుసు. 1979లో తొలి వాక్‌మన్‌ను తేలికపాటి హెడ్‌ఫోన్‌తో కలిపే అమ్మింది. ఇప్పుడు ఆ జత కుదుర్చుకునే పని మన నెత్తిన పడింది.

అట్టపెట్టె వెనక చిన్న అక్షరాలు చదవండి. అక్కడ ‘ఇంపెడెన్స్’ (కరెంటుకు హెడ్‌ఫోన్ చూపే నిరోధం) అని ఓమ్స్‌లో ఒక అంకె ఉంటుంది. చాలా చిన్న ప్లేయర్లు మహా అయితే ఒక వోల్ట్ దరిదాపుల్లో ఇస్తాయి. ఆ వోల్ట్‌తో 32 ఓమ్స్ హెడ్‌ఫోన్‌కు 31 మిల్లీవాట్లు అందుతాయి. 300 ఓమ్స్ ఉండే సెన్‌హైజర్ హెచ్‌డీ 600కు దక్కేది మూడు మిల్లీవాట్ల పైచిలుకే. కొత్త సినిమా పాటలు గట్టి లెవెల్లో రికార్డవుతాయి కనుక ఎలాగో నెట్టుకొస్తాయి. మెల్లగా మొదలయ్యే కచేరీల దగ్గరే ప్లేయర్ చేతులెత్తేస్తుంది. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో అయితే ఒకే పేరుతో 32, 80, 250 ఓమ్స్ రకాల్లో వచ్చింది. ధర తగ్గిందని కళ్లుమూసుకుని 250 నొక్కారో, ఆంప్లిఫయరూ కొనుక్కోవాల్సి రావచ్చు.

ఓమ్స్ తక్కువైతే చాలనుకోవద్దు. కొన్ని ప్లానార్ (పలుచని పొర కదిలి మోగే రకం) హెడ్‌ఫోన్ల ఓమ్స్ తక్కువే, పవర్ ఆకలి మాత్రం ఎక్కువ. అందుకే, ఇచ్చిన పవర్‌కు ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే ‘సెన్సిటివిటీ’ కూడా చూడాలి. ఇందులో కంపెనీల గడుసుదనం ఒకటుంది. కొందరు మిల్లీవాట్‌కు ఇన్ని డెసిబెల్స్ అంటారు, కొందరు వోల్ట్‌కు అంటారు. 32 ఓమ్స్ దగ్గర మిల్లీవాట్‌కు 100 అన్నా, వోల్ట్‌కు 115 అన్నా ఒకటే. రెండో అంకె ఘనంగా కనిపిస్తుంది, అంతకుమించి ఏమీ లేదు. 1984 నాటి కాస్ పోర్టా ప్రో 60 ఓమ్స్, మిల్లీవాట్‌కు 101 డెసిబెల్స్. నేటికీ జేబు ప్లేయర్లకు బాగా నప్పే హెడ్‌ఫోన్ అదేనని నా అభిప్రాయం. కాకపోతే చెవిని మూయదు, బస్సులో హారన్లన్నీ లోపలికొస్తాయి.

మరీ సున్నితమైన ఇయర్‌ఫోన్లది ఇంకో తంటా: పాట ఆగగానే ‘స్స్’ మనే హోరు. చెవిలోకి దూరే ఖరీదైన రకాల్లో కొన్నిటికి ఒక్కో స్వరస్థాయి దగ్గర ఒక్కో ఇంపెడెన్స్. ప్లేయర్ ఔట్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువైతే వాటి స్వరం రంగు మారిపోతుంది. హెడ్‌ఫోన్ ఓమ్స్‌లో అది ఎనిమిదో వంతు మించకూడదన్నది అనుభవజ్ఞుల లెక్క.

కొనేటప్పుడు మీ ప్లేయర్ వెంట తీసుకెళ్లండి, దుకాణంలోని ఫోన్‌లో వినొద్దు. మృదంగం ఉన్న పాట పెట్టి, ఇయర్‌ఫోన్‌ను వేలితో కొద్దిగా లోపలికి నొక్కండి. తొప్పి (మంద్రంగా మోగే ఎడమ) వైపు నాదం ఒక్కసారిగా నిండుగా వచ్చిందంటే ఇయర్‌ఫోన్ కొసనుండే రబ్బరు తొడుగు మీ చెవికి చిన్నదని అర్థం. పెట్టెలో ఉండే పెద్ద సైజు వేసి చూడండి. చెవి సరిగా మూసుకుంటే బయటి రొద తగ్గి, వాల్యూమ్ సగంలో పెట్టుకున్నా సరిపోతుంది. వారానికి 40 గంటలు వినేవాళ్లు 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.