మెదడు రక్తనాళాలు – మతిమరుపు: కోత లేని చికిత్సలు

ఏళ్ల తరబడి దుకాణం లెక్కలు నోటితోనే చెప్పిన పెద్దాయన ఒకనాడు చిల్లర ఇవ్వడంలో తడబడతాడు. నమాజులో ఎన్ని రకాతులు అయినవో మరచిపోతాడు. ‘వయసు మీద పడింది’ అని ఇంటివారు సరిపెట్టుకుంటారు. ఆ సరిపెట్టుకోవడంలోనే విలువైన కాలం జారిపోతున్నది.

మతిమరుపంతా ఒకే జబ్బు కాదు. శరీరం బరువులో మెదడు సుమారు 2 శాతమే. అయినా శరీరం వాడుకునే ప్రాణవాయువులో దాదాపు 20 శాతం దానికే కావాలి. దానిని మోసుకువచ్చేది రక్తం. అధిక రక్తపోటు, మధుమేహం, పొగాకు మూలంగా సన్నని రక్తనాళాలు బిరుసెక్కి ఇరుకైనప్పుడు మెదడు లోపలి భాగాలు కొద్దికొద్దిగా దెబ్బతింటాయి. పక్షవాతం తరువాతనే కాదు, అది రాకుండా కూడ ఇలా జరుగవచ్చును. ఆలోచన మందగించడం, పనిని వరుసగా చేయలేకపోవడం, నడక తడబడటం దీని గుర్తులు.

చనిపోయిన మెదడు కణాలను బ్రతికించే మందు ఈనాటికీ లేదు. మరి చికిత్స అంటే ఏమిటి? మిగిలినదానిని కాపాడుకోవడమే.

ఇందులో మొదటిది రక్తపోటు అదుపు. అమెరికాలో 9,361 మందిపై జరిగిన ‘స్ప్రింట్’ పరిశోధనలో ఈ విషయమై ఫలితాలు 2019లో వెలువడినవి. పై రక్తపోటును 140కి బదులు 120 లోపుకు తేవాలని చికిత్స చేసినవారిలో జ్ఞాపకశక్తి, ఆలోచనలలో స్వల్ప క్షీణత సుమారు ఐదింట ఒక వంతు తగ్గింది. తీవ్రమైన చిత్తక్షీణత విషయంలో మాత్రం తేడా నిశ్చయంగా తేలలేదు. మధుమేహం గలవారిని, పూర్వం పక్షవాతం వచ్చినవారిని ఇందులో చేర్చలేదు. గనుక ఎవరికి ఎంత తగునో వైద్యుడే నిర్ణయించాలి. ఒంట్లో బాగున్నదని మాత్రలు మానివేయడం ప్రమాదకరం. రమజానులో ఉపవాసానికి ముందే వైద్యుని అడిగి మాత్రల వేళలు మార్చుకోవాలి.

రెండవది జీవన విధానం. ఫిన్లాండులో ముప్పు అధికంగా గల 1,260 మంది వృద్ధులపై రెండేళ్లు జరిగిన ‘ఫింగర్’ పరిశోధన 2015లో ప్రచురితమైనది. తగిన ఆహారం, వ్యాయామం, మెదడుకు పని, రక్తపోటు మున్నగువాటి పర్యవేక్షణ కలిపి అమలు జరిపినవారిలో ఆలోచనాశక్తి మెరుగుగా నిలిచింది.

మూడవది మందులు. అల్జీమర్స్‌కు వాడే డొనెపెజిల్ వంటివి కొందరికి కొద్దిపాటి మేలు చేయవచ్చును. అంతకు మించి ఆశించరాదు.

నాల్గవది అయస్కాంత ప్రేరణ. 1985లో ఇంగ్లాండులోని షెఫీల్డ్‌లో ఆంథోనీ బార్కర్ బృందం దీనిని రూపొందించింది. తలపై ఉంచిన తీగచుట్టలో విద్యుత్తు మారినప్పుడు పుట్టే అయస్కాంత శక్తి, పుర్రెను కోయకుండానే మెదడు కణాలను ప్రేరేపిస్తుంది. స్వల్ప విద్యుత్తును నేరుగా పంపే పద్ధతి కూడ కలదు. చిన్న పరిశోధనలలో కొంత మేలు కనిపించినా, ఈ జబ్బుకు ఇవి స్థిరపడిన చికిత్సలు కావు. మూర్ఛలున్నవారికి, తలలో లోహపు ముక్కలు, గుండెకు పేస్‌మేకరు అమర్చబడినవారికి అయస్కాంత చికిత్స ప్రమాదం కావచ్చును. ‘యంత్రంతో మతి తిరిగివస్తుంది’ అన్న మాట నమ్మి పొలం అమ్ముకోనవసరం లేదు.

థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ కొరత, మనోవ్యాకులత కూడ మతిమరుపు తెస్తాయి, వీటిని సరిచేయవచ్చును. కనుక తొలి తడబాటులోనే పెద్దవారిని వైద్యునికి చూపించాలి. మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా ఆ క్షణమే ఆస్పత్రికి చేర్చాలి. కోల్పోయినది తిరిగి రాకపోవచ్చు. మిగిలినది నిలుపుకోవడం చాలావరకు ఇంటివారి చేతిలోనే ఉన్నది.