వెలుగు దారిలో ప్యాకెట్ల మళ్ళింపు

చంపాపేటలోని ఒక విద్యార్థి విజయవాడలోని మిత్రునికి ఒక ఛాయాచిత్రమును పంపెననుకొందము. ఆ చిత్రము ఒక్క ముక్కగా పోదు. సాధారణముగా 1500 బైట్లకు మించని చిన్న ప్యాకెట్లుగా విడిపోవును. ఉత్తరముపై చిరునామా వలె ప్రతి ప్యాకెట్టుపైనను గమ్యస్థానపు సంఖ్య ఉండును.

వీటి దారి వెంట్రుకంత సన్నని గాజుపోగు. అందులో అనేక సందేశములు ఒకదానితో నొకటి కలిసిపోకుండుట ఎట్లు? ఒక్కొక్క రేడియో కేంద్రమునకు ఒక్కొక్క పౌనఃపున్యమున్నట్లే, ఇచ్చట ఒక్కొక్క ప్రవాహమునకు వేరొక పౌనఃపున్యపు వెలుగును కేటాయింతురు. ఇండ్లకు వచ్చు పోగులలో విరివిగా వాడు జీపాన్ పద్ధతిలో, ఇంటికి వచ్చు సమాచారము 1490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల వెలుగుపైనను, ఇంటినుండి పోవునది 1310 నానోమీటర్ల వెలుగుపైనను నడచును. నగరముల మధ్య నుండు పెద్ద మార్గములలో 1550 నానోమీటర్ల పరిసరమున పదులకొలది ‘రంగులు’ ఒకే పోగులో పోగలవు. ఇవి కంటికి కనిపించని పరారుణ కిరణములే. సౌలభ్యము కొరకు రంగులందుము.

దారిని విభజించుట ఇంతటితో ముగిసినది. ఇక కూడలిలో దేనిని ఎటు మళ్ళింపవలెను? దీనినే స్విచింగు అందురు. ఇందుకు రెండు పద్ధతులు గలవు.

మొదటిది రంగును బట్టి మళ్ళించుట. పట్టకము తెల్లని వెలుగును విడదీసినట్లు రంగులను విడదీసి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క పోగులోనికి పంపుదురు. చిరునామా చదువు పని లేదు. ఎల్.బి. నగర్ కూడలిలో పైవంతెన ఎక్కిన బండి వలె సందేశము ఆగకుండ సాగిపోవును. కాని వంతెన ఎక్కినవన్నియు ఒకేవైపు పోవలెను. వంతెన ఖాళీగా ఉన్నను ఇతర దిక్కుల వారికి అది పనికిరాదు.

రెండవ పద్ధతిలో వెలుగును విద్యుత్తుగా మార్చి, ప్రతి ప్యాకెట్టు చిరునామాను చదివి, మెమరీలో వరుసగా నిలిపి, మరల వెలుగుగా మార్చి పంపుదురు. దారి వృథా కాదు. కాని కాలమును విద్యుత్తును ఖర్చగును.

వెలుగును వెలుగుగానే ఉంచి ప్యాకెట్లను విడివిడిగా మళ్ళింపలేమా? చిక్కు ఇచ్చటనే ఉన్నది. రెండు ప్యాకెట్లు ఒకే క్షణమున, ఒకే పోగులో, ఒకే రంగును కోరినచో ఒకటి ఆగవలెను. వెలుగును ఆపుట సులభము కాదు. సెకనుకు 1000 కోట్ల బిట్ల వేగమున 1500 బైట్ల ప్యాకెట్టుకు 1.2 మైక్రోసెకన్లు పట్టును. గాజులో వెలుగు వేగము సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. కనుక ఆ ప్యాకెట్టు పొడవు 240 మీటర్లు! దానిని అంతసేపు ఆలస్యము చేయవలెనన్న 240 మీటర్ల పోగును చుట్టగా చుట్టి అందులో పంపవలెను. లేదా దాని రంగును మార్చవలెను. అదియు కానిచో వేరొక దారిని పట్టించవలెను. ఈ మూడు ఉపాయములను ప్రయోగశాలలలో చేసి చూపిరి. నిత్యవ్యవహారములో మాత్రము దూరపు రద్దీని రంగులు మోయగా, ప్యాకెట్ల పంపకమును విద్యుత్ స్విచ్చులే చేయుచున్నవి.

వేగము పది రెట్లయినచో ప్యాకెట్టు పొడవెంతయగునో విద్యార్థులు లెక్కింపవచ్చును. చుట్ట చిన్నదగును, కాని చిరునామా చదువుటకు దొరకు వ్యవధియు పదవ వంతే యగును.