పనిముట్టు మీదే పొద్దుపోతే

2020లో కరోనా వచ్చాక ఇంటి నుంచి సాఫ్ట్‌వేర్ పని చేయడం రాజమండ్రి వీధుల్లోనూ కోనసీమ పల్లెల్లోనూ మామూలైంది. అలా పనిచేసేవారి బల్ల మీద ఒక్కోసారి వింత కీబోర్డు కనిపిస్తుంది. అది రెండు ముక్కలుగా విడిపోయి ఉంటుంది. మీటల మీద అక్షరాలుండవు. ఇంట్లో పెద్దవాళ్లకు అది ఆటవస్తువులా తోస్తుంది. నిజానికి అది పనిముట్టే. కానీ దాన్ని దిద్దుకుంటూ కూర్చుంటే అసలు పని వెనకబడుతుంది. అదెలా జరుగుతుందో చూద్దాం.

మామూలు కీబోర్డులోని అక్షరాల వరస 1870ల నాటి టైప్‌రైటర్ నుంచి వచ్చింది. మెకానికల్ కీబోర్డులో ప్రతి మీట కిందా స్ప్రింగుతో విడిగా ఒక స్విచ్చి ఉంటుంది. కొన్నిటిలో ఫర్మ్‌వేర్‌ను (పరికరం లోపలే ఉండి దాన్ని నడిపే చిన్న ప్రోగ్రామ్) కూడా మార్చుకోవచ్చు. అప్పుడు ఏ మీట నొక్కితే ఏం జరగాలో మనమే నిర్ణయిస్తాం. ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్లూ అంతే. 1976 నాటి ఈమాక్స్‌నూ, 1991లో వచ్చిన విమ్‌నూ ఎవరికి కావలసినట్టు వారు మలచుకుంటారు. ఆ మార్పులు కాన్ఫిగరేషన్ ఫైలులో (ఉపకరణం ఎలా నడవాలో చెప్పే అమరికల చిట్టా) ఉంటాయి.

ఇందులో మేలు ఉంది. మణికట్టు నొప్పి ఉన్నవారికి చేతులు ఒదిగే కీబోర్డు నిజంగా అవసరం. వడ్రంగి ఉలి నూరుకోవడం లాంటిదే ఇదీ. అయితే నూరడం ఎప్పుడు ఆపాలో వడ్రంగికి చెక్కే చెబుతుంది. ఉలి సాఫీగా దిగితే నూరింది చాలు. ప్రోగ్రామర్‌కు అలా చెప్పేది ఏదీ లేదు.

పైగా అసలు పని కష్టం. ఒక తప్పు ఎక్కడుందో వెతకడానికి రోజులు పట్టవచ్చు. అమరికల చిట్టాలో ఒక్క పంక్తి మారిస్తే ఫలితం మరుక్షణమే తెర మీద కనిపిస్తుంది. అందుకే పని చిక్కుపడ్డప్పుడల్లా మనసు అటు మళ్లుతుంది. చూసేవారికీ, చేసేవారికీ అది కూడా పనిలాగే ఉంటుంది.

ఒక లెక్క వేద్దాం. ఒక కొత్త మీట రోజుకు 20 సార్లు, సారికి 2 సెకన్లు ఆదా చేస్తుందనుకోండి. రోజుకు 40 సెకన్లు. ఏడాదికి 250 పనిదినాలైతే 10,000 సెకన్లు, అంటే మూడు గంటలు కూడా కాదు. దాన్ని అమర్చడానికి 9 గంటలు పడితే ఆ సమయం తిరిగి రావడానికి మూడేళ్లు దాటుతుంది. ఈలోగా సాఫ్ట్‌వేర్ కొత్త రూపం వస్తే అమరిక చెడవచ్చు. మళ్లీ సరిచేయాలి. ఇంకొకరి కంప్యూటర్ ముందు కూర్చుంటే వేళ్లు తడబడతాయి.

ఈ చివరి ఇబ్బంది తెలుగువారికి బాగా తెలిసినదే. 1986లో కేంద్ర ప్రభుత్వం ఇన్‌స్క్రిప్ట్‌ను భారతీయ భాషలకు ప్రామాణిక కీబోర్డుగా ప్రకటించింది. అయినా ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో పనిచేసే డీటీపీ ఆపరేటర్లలో చాలామందికి యాపిల్ కీబోర్డు వరసే అలవాటు. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసేవారు ఆర్‌టీఎస్ పద్ధతికో, దాని ఆధారంగా వచ్చిన లేఖిని అనే ఉపకరణానికో అలవాటుపడ్డారు. ఎవరి వరస వారికి వేగమే. అందులో నష్టం తక్కువ.

అసలు నష్టం ఫైలులో జరిగింది. పాత ‘అను’ ఫాంట్లు తెలుగు గుర్తులను ఇంగ్లిష్ అక్షరాలు మొదలైనవాటి స్థానాల్లో దాచాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తులే మిగులుతాయి. యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్య) వచ్చాక ఈ చిక్కు తీరింది. కానీ పాత పుస్తకాల ఫైళ్లను మార్చుకునే శ్రమ ఇంకా ఉంది. దీన్నిబట్టి ఒక హద్దు గీసుకోవచ్చు. మీట మన ఇష్టం. అవతలివారికి అందేది మాత్రం అందరూ చదవగలిగే రూపంలో ఉండాలి.

సమయానికి హద్దు కావాలంటే గోదావరి కాలువలను చూడాలి. దాళ్వా (రబీ) పైరుకు తడులు ముగిశాక వేసవిలో కాలువలు కట్టేస్తారు. పూడిక, గుర్రపుడెక్క తీసేదీ, లాకులూ తూములూ బాగుచేసేదీ అప్పుడే. సార్వాకు (ఖరీఫ్ పంటకు) నీరు వదిలాక గండి పడితే తప్ప కాలువలో పని పెట్టుకోరు. ప్రోగ్రామర్ కూడా అలాగే చేయవచ్చు. చేయి నొప్పి పెట్టినా, పని ఆగిపోయినా అది గండి. వెంటనే పూడ్చాలి. మిగతా కోరికలన్నీ కాగితం మీద రాసి, మూడు నెలలకొక రోజు వాటికి కేటాయించాలి. ఆ రోజుకి కూడా అవసరమని తోచినవే చేయాలి. మిగిలినవి కొట్టేయాలి.